వసపిట్ట

"ఆ గౌను ముట్టకు పూనం, చెప్తున్న. మల్ల మడతపెట్టే ఓపిక నాకు లేదు."

యమునాబాయి బ్యాగులో పెట్టినదల్లా పూనం బయటికి తీస్తోంది. పూనం తీసినదల్లా యమునాబాయి మళ్ళీ పెడుతోంది. పొద్దున్నుంచీ ఆ ఎర్ర గౌను అత్తాకోడళ్ళ మధ్య నలిగి నలిగి ఇస్త్రీ అన్న మాటే మరిచిపోయింది. గౌను గల పిల్ల శ్రద్ధ మాత్రం తనకేమీ పట్టనట్టు గడపలో తాత పక్కన కూర్చుని, కండె మీద మిగిలిన నూలు వేలికి చుట్టుకుంటోంది. నాలుగేళ్ళు నిండిన పిల్ల. ఇంతవరకూ ఒక్క మాట గొంతు దాటి బయటికి రాలేదు.

"నా బిడ్డను తోలియ్యనంటున్నగద అత్తమ్మా? ఇంకెన్నిసార్లు చెప్పాలె?"

"నాకెందుకు చెప్తవ్, బాలవాడి టీచర్‌కు చెప్పు. 'ఈ పిల్లకు మాటలు రావు, వేరే బడి చూసుకోండ్రి' అని చెయ్యి పట్టుకోని ఇంటికి తెచ్చి దింపింది ఆమెనా, నేనా? కరీంనగర్‌ల గంగాబాయి ఇంటికి దగ్గర్నే మూగపిల్లల బడి ఉన్నది. మేనత్త కండ్లముంగట ఉంటది. అంకుశం ఎట్లాగు పెండ్లికి పోతుండు, తోడు దొరికింది. ఇంకేం గావాలె నీకు?"

మూగ అన్న మాట చెవిన పడగానే పూనం చేతిలోంచి గౌను జారింది. ఆ మాట ఇన్నాళ్ళూ ఆ ఇంట్లో అందరి మనసుల్లోనూ ఉంది. పైకి వచ్చింది మాత్రం ఇవాళే.

సాయంత్రం అంజూర్ ఫాటాలో ఊరి బస్సు. పక్క గల్లీ అంకుశం ఆటో మాట్లాడుకున్నాడు, పోతూ పోతూ పిల్లను ఎక్కించుకుంటానన్నాడు. ఇక రేపు చూద్దాం, మాపు చూద్దాం అని నాన్చడానికి వీల్లేదు.

శుక్రవారం కావడంతో శాంతి నగర్ సాంచెలన్నిటికీ, అంటే మరమగ్గాలన్నిటికీ, సుట్టీ. కింద భూషణ్ సేట్ కార్ఖానాలో సాంచెల మోత ఆగిపోయేసరికి, పైన వాళ్ళ ఒంటిగది ఖోలీలో ఎవరి మాట వాళ్ళకే గట్టిగా వినబడుతోంది. పూనంకు ఈ ప్రశాంతత కొత్త. ఆమె సామాన్లు ప్యాక్ చేసే కాల్హేర్ గోదాంకు సెలవు ఆదివారం. ఆదివారం సాంచెలు నడుస్తాయి, రాత్రి పాలీ పని దిగి వచ్చిన మొగుడు రూపేష్ ముసుగు తన్ని నిద్రపోతుంటాడు. ఆయనకు తీరిక ఉన్న రోజు ఈమెకు లేదు. ఈమెకున్న రోజు ఆయనకు లేదు. ఈ శుక్రవారం మాత్రం సూపర్‌వైజర్ కాళ్ళావేళ్ళా పడి సెలవు తీసుకుంది, బిడ్డను ఆపుకోవడానికి.

"ఏందీ లొల్లి?" అంటూ రూపేష్ తువాలుతో తల తుడుచుకుంటూ వచ్చాడు.

"నీ పెండ్లాన్ని అడుగు," అంది యమునాబాయి.

"నిన్ననే ఒప్పుకున్నవ్ గద పూనం?"

"ఒప్పుకోలే. ఊకున్న. ఊకుంటె ఒప్పుకున్నట్టా?"

"మరి ఏం చేద్దామంటవ్? నువ్వే చెప్పు."

"డాక్టర్ ఏమన్నడు? చెవులు మంచిగున్నయ్, నాలికె మంచిగున్నది, ఇంట్ల పిల్లతోని మస్తు మాట్లాడుండ్రి అన్నడా లేదా?"

ఉరుము ఉరిమి మంగళం మీద పడ్డట్టు రూపేష్ కోపం ఆ డాక్టర్ మీద పడింది. "ఎవలు మాట్లాడాలె? నేనా? రాత్రంత సాంచెల కాడ, పొద్దంత నిద్ర. నువ్వా? తెల్లారకముందే కంపెనీ బస్సెక్కుతవ్, ఇది పన్నంక వస్తవ్. అమ్మనా? ఇటు వంట, అటు కండెలు చుట్టుడు. ఎవలు మాట్లాడాలె పూనం? ఆ డాక్టరే అచ్చి మాట్లాడుతడా?"

అతను అబద్ధం చెప్పి ఉంటే పూనం తగవులాడేది. చెప్పింది నిజం కాబట్టి కిందపడ్డ గౌను తీసి దులిపింది. దులిపిన గౌనునే మళ్ళీ దులిపింది.

"దీని గొంతు ఎట్లుంటదో ఒక్కసారన్న ఇనలే నేను," అంది చివరికి. "ఇనకముందే దూరం చేసుకోవాల్నా?"

యమునాబాయి మొహం అటు తిప్పుకుంది. ఆమె నోరు కారమే గానీ మనసు కాదు. "నాకు మాత్రం సంబురమా? మాటలు వస్తయని వస అరగదీసి అరగదీసి నా చేతి ఏళ్ళు అరిగినయ్. పొద్దుపొద్దున తేనెల కలిపి నాలికెకు రాసిన. ఆ వసకే కనికరం లేకపాయె," అంటూ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

ఇంతసేపూ గడపలో కూర్చున్న బుచ్చిరాములు ముగ్గురి మొహాలూ మార్చి మార్చి చూస్తున్నాడు. బతుకంతా సాంచెల మధ్యే గడిపిన మనిషి, ఇప్పటికీ పగలు శ్రద్ధను వెంటబెట్టుకుని కింద కార్ఖానాలో పోగులు అతుకుతాడు. ఆ మోత ఆయన చెవులను ఏనాడో మింగేసింది. ఎదుటివాళ్ళ పెదవులు చూసి మాట పోల్చుకుంటాడు. మొహం తిప్పేస్తే ఆయనకు మాట తెగిపోతుంది.

"ఎవలే ఊరికి పొయ్యేది?" అన్నాడు ఇల్లు అదిరేలా. తన గొంతు ఎంత పెద్దదో ఆయనకు తెలియదు.

యమునాబాయి వంగి ఆయన మొహంలో మొహం పెట్టింది. "శ్రద్ధ. గంగాబాయి ఇంటికి. మూగపిల్లల బడికి."

"ఎందుకు?"

"మాటలు రావు గద దానికి!"

బుచ్చిరాములు కాసేపు భార్య పెదవులకేసే చూశాడు, తప్పు చదివానేమోనన్నట్టు. తర్వాత పకపకా నవ్వాడు.

"దీనికా? ఏం పరాచికమే యమునా? ఇది వసపిట్ట! పొద్దంత నా తలకాయ తింటది. 'జెర ఊకో బిడ్డా, తెగిన పోగు అతుకనీ' అని నేనే బతిమాలుకుంట!"

ఎవరూ నవ్వలేదు. రూపేష్ నిట్టూర్చాడు.

"ఇగ సూడు, గిదొకటి తక్కువైంది," అంది యమునాబాయి కోడలివైపు తిరిగి. "చెవిటోని ముంగట శంఖం ఊదినట్టున్నది. మతి తప్పుతున్నది ముసలోనికి."

ఆమె పెదవులు కనబడకపోయినా, కొడుకు మొహం చూసి బుచ్చిరాములుకు సంగతి అర్థమయింది. ముసలాయన నవ్వు ఆరిపోయింది. "నేను అబద్ధమాడుతున్ననా?"

రూపేష్ ఆయన ముందు గొంతుక్కూర్చున్నాడు. "అబద్ధమని కాదు బాపూ. నీకు ఇనబడదు గద? అది మాట్లాడిందని నీకెట్ల ఎరుక?"

"మాట్లాడితె ఎరుక గాదా? ముచ్చట చెప్పకుంట ఒక్క పూట ఉన్నదా ఇది? నిన్నటికి నిన్న ఏం చెప్పిందో తెలుసునా? గోదాంల పార్సల్ పిల్లలను పెట్టింది తాతా అన్నది. మూడట. ఒకదానికి తోక కొస తెల్లగున్నదట. వాళ్ళమ్మనే వాటికి పాత గోనెపట్ట పరిచిందట!"

రూపేష్ రెండు చేతులతో తల పట్టుకున్నాడు.

"పార్సల్ పిల్లలను పెట్టిందట!" అంది యమునాబాయి. "అంకుశానికి రెండు సీట్లు చెప్పుండ్రి. మనుమరాలితోని తాతను గూడ తోలిద్దాం."

పూనం నవ్వలేదు. బ్యాగు పక్కనే చతికిలబడింది.

"అత్తమ్మా, పార్సల్ అంటె పిల్లి."

"ఏంది?"

"మా గోదాంల తిరిగే పిల్లి. డబ్బలల్ల పంటదని మేమే పార్సల్ అని పేరు పెట్టినం. మొన్న మూడు పిల్లలను పెట్టింది. ఒకదానికి తోక కొస తెల్లగున్నది. గోనెపట్ట నేనే పరిచిన." ఆమె ఊపిరి తీసుకుంది. "ఈ ముచ్చట నేను ఇంట్ల ఎవలకు చెప్పలే. నీకు చెప్పిన్నా? మామకు చెప్పిన్నా?"

"మరి ముసలోనికి ఎట్ల తెలిసె?"

పూనం కూతురికేసి చూసింది. పని నుంచి వచ్చేసరికి పిల్ల నిద్రపోయి ఉండేది. పక్కన ఒరిగి, ఆ చిన్న చెవి దగ్గర నోరు పెట్టి, ఆనాటి ముచ్చట్లన్నీ గుసగుసగా చెప్పుకోవడం పూనంకు అలవాటు. నిద్రలో ఉన్న పిల్లకు ఏం తెలుస్తుందిలే అనుకునేది. నవ్వొచ్చినవీ ఏడుపొచ్చినవీ అన్నీ చెప్పేది. చెప్పాక తేలిగ్గా నిద్రపోయేది.

నిద్రపోయింది తను. పిల్ల కాదు. తల్లి ఎప్పుడొస్తుందా అని కళ్ళు మూసుకుని మేలుకునే ఉంది. విన్న ప్రతి మాటా దాచుకుని, తెల్లారాక తాతకు అప్పజెప్పింది.

"ఇది ఇన్నదత్తమ్మా," అంది పూనం. "నేను చెప్పినయన్నీ ఇన్నది." ఏడుపూ నవ్వూ ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చాయి. ఇన్నాళ్ళకు ఆమె మనసు నిజంగా సంతోషించింది.

మోకాళ్ళ మీదే జరుగుతూ వెళ్ళి కూతురి ముందు కూర్చుంది. "శ్రద్ధా, బంగారం, పార్సల్ ముచ్చట తాతకు నువ్వే చెప్పినవా?"

శ్రద్ధ తాతను చూసింది. తల్లిని చూసింది. పెదవులు చకచకా కదిలాయి. చప్పుడు మాత్రం లేదు.

"గిది నేను రోజూ సూస్తనే ఉన్న," అంది యమునాబాయి. "మూతి కదుపుతది, సప్పుడు రాదు. గందుకే గద మూగది అంటున్న. వట్టిగ అంటున్ననా?" ఇంట్లోనే కండెలు చుట్టే ఆమెకు పెదవులు చదవడం రాదు.

రూపేష్ మాత్రం చేతిలో తువాలు అట్లాగే పట్టుకుని ఉండిపోయాడు. రాత్రిళ్ళు సాంచెల మధ్య నిలబడి, అవతలి వరుసలో మనిషి పెదవులు చూసి మాట అందుకునే వాడు. కన్నకూతురి మొహాన్ని ఇంత దగ్గరగా, ఇంత వెలుతురులో చూసి ఎన్నాళ్ళయిందో అతనికే గుర్తులేదు.

"మల్ల అను బిడ్డా," అన్నాడు. "నిమ్మలంగ అను."

పిల్ల మళ్ళీ అంది. రూపేష్ మొహంలో రంగులు మారాయి.

"ఏమంటుంది?" పూనం అతని భుజం పట్టి కుదిపింది. ఆమె కిరాణా దుకాణం వాళ్ళ పిల్ల. సాంచెల మధ్య పెరగలేదు, పెదవులు చదవడం రాదు. "చెప్పు, ఏమంటుంది?"

"నేను ఊరికి పోతె..." రూపేష్ తువాలుతో మొహం తుడుచుకున్నాడు. మళ్ళీ మొదలుపెట్టాడు. "నేను ఊరికి పోతె తాతతోని ఎవలు మాట్లాడుతరు, అంటుంది."

కింద గల్లీలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు.

పిల్ల ఏ ఇంట పెరిగితే ఆ ఇంటి మాటే పిల్లకు వస్తుంది. ఇందులో విడ్డూరం ఏమీ లేదు. సాంచెలు నడుస్తుంటే గొంతు చించుకున్నా పక్కవాడికి వినబడదు కాబట్టి, అక్కడ అందరూ పెదవులతోనే మాట్లాడుకుంటారు. పగలంతా కింద సాంచెల నడుమ తాత పక్కన కూర్చుని శ్రద్ధ చూసింది ఆ మాటే. మాట అంటే అదే అనుకుంది.

"ఇది పైకి వస్తె నేను," అన్నాడు రూపేష్ మెల్లిగా. "నేను పంట గద."

ఆ మనిషిది అదో రకం నిద్ర. సాంచెల మోతలో గుర్రు పెడతాడు. ఇంట్లో ఎవరైనా గొంతెత్తితే ఉలిక్కిపడి లేస్తాడు. అందుకే యమునాబాయి పిల్లకు మొట్టమొదట నేర్పింది మాట కాదు. పెదవుల మీద వేలు పెట్టి, "శ్, బాపు పన్నడు" అనడం. ఏడుపొచ్చినా పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడ్చేది. ఎంత బుద్ధిమంతురాలో అని గల్లీలో అందరూ మెచ్చుకున్నారు కూడా.

ఇక తల్లి దగ్గర గుసగుసలు. తిలాపాపం తలా పిడికెడు అన్నట్టు, ఆ ఇంట్లో ఎవరికి వాళ్ళు పిల్లను ప్రేమించారు. గొంతు మాత్రం ఒక్కరూ ఇవ్వలేదు. పూనంకు ఇది తెలిసొచ్చి బాధేసింది. అయినా ఆ బాధ అడుగున ఒక ధైర్యం కూడా ఉంది. లేనిదాన్ని తేలేరు గానీ, అణగినదాన్ని లేపొచ్చు కదా.

"ఆ బ్యాగు లోపల పెట్టుండ్రి," అంది లేచి నిలబడి. "నా బిడ్డ ఎక్కడికీ పోదు."

"నిలువు," అంది యమునాబాయి. గొంతు మునుపటంత గట్టిగా లేదు గానీ పట్టు వదల్లేదు. "మాటలున్నయ్, సరే. గొంతున్నదా? బాలవాడి టీచర్ ఏమన్న సాంచెలు నడిపిందా, దీని మూతి చూసి సదువనీకి?"

"ఏడిస్తె సప్పుడు వస్తది గద!"

"మూగోళ్ళు ఏడువరా? నాకు గూడ ఆశ ఉన్నది పూనం. ఆశకు పోయి పిల్ల బతుకు ఆగం చేస్తమా అని బుగులైతున్నది. ఒక్కటంటె ఒక్క మాట ఇనిపియ్యమను. నా చేతులతోని నేనే బ్యాగు ఇప్పుత."

"ఇయ్యాల్నే ఎట్ల వస్తదమ్మా?" అన్నాడు రూపేష్. "నేను సేట్‌ను పగటి పాలీ అడుగుత. రాత్రి ఇంటి కాడ ఉంట. నాలుగు దినాలు దీనితోని మాట్లాడుతె..."

"అడుగుత అడుగుత అనవట్టి ఏడాదాయె. భూషణ్ సేట్ ఇయ్యనంటె?"

రూపేష్ పూనంకేసి చూశాడు. పూనం నేలకేసి చూసింది.

బుచ్చిరాములు కొడుకు చెయ్యి పట్టి లాగాడు. "ఏమంటున్నరు? నాకు గూడ చెప్పుండ్రి."

"బాపూ," రూపేష్ విడమరిచి చెప్పాడు, "దీనికి మాటలున్నయ్. గొంతు లేదు. పెదువులే కదుపుతది. మాకెవలకు ఇనబడదు."

బుచ్చిరాములు నివ్వెరపోయాడు. మాటకు చప్పుడుంటుందన్న సంగతే ఆయన ఎప్పుడో మరిచిపోయాడు. ఆయన లెక్కలో లోకమంతా శ్రద్ధలాగే మాట్లాడుతుంది. ఇప్పుడు మనవరాలి తల నిమురుతూ, "నేనే చెడగొట్టిన్నా దీన్ని?" అన్నాడు. జీవితంలో మొదటిసారి ఆయన గొంతు చిన్నదయింది.

పూనం చటుక్కున ఆయన ముందుకు వచ్చి కూర్చుంది. ఆయనకు కనబడేలా ఒక్కో మాటా పలికింది. "లేదు మామా. ఇంట్ల దీనితోని మాట్లాడింది నువ్వొక్కనివే. మాటలన్నీ నువ్విచ్చినవే."

ముసలాయన ఆ పెదవులను చదివాడు. తల ఊపాడు, ఒప్పుకున్నట్టో లేదో తెలియకుండా.

అప్పుడే కింద ఆటో ఆగింది. హారన్ మోగింది.

"అంకుశం అచ్చిండు," అంది యమునాబాయి. చెయ్యి బ్యాగు మీద వేసింది. ఎత్తలేదు, వదల్లేదు.

శ్రద్ధ ఆ హారన్ విని తాత పంచె గట్టిగా పట్టుకుంది. పెదవులు గబగబా కదిలాయి. బుచ్చిరాములు చూశాడు. చూసి, జవాబు చెప్పలేదు. కళ్ళు మూసుకున్నాడు.

పిల్ల బిత్తరపోయింది. తాత ఎప్పుడూ అట్లా చెయ్యలేదు. మోకాలు పట్టి ఊపింది. ఆయన కళ్ళు తెరవలేదు. తడుముకుంటూ మనవరాలి మెడ మీద చెయ్యి ఆనించాడు. చెవులు పోయాక కూడా ఆయన సాంచె మీద అరచెయ్యి పెట్టి, నడుస్తున్నదో, ఆగిందో, ఎక్కడ పట్టేస్తున్నదో చెప్పగలడు. ఇప్పుడూ అట్లాగే పెట్టాడు.

"నాకు కండ్లు కనబడుతలేవు బిడ్డా. ఇప్పుడు చెప్పు."

హారన్ మళ్ళీ మోగింది. పిల్ల పెదవులు కదిలాయి.

"లే, నడుస్తలేదు. మల్ల చెప్పు."

"ఏందిది?" అంది యమునాబాయి. రూపేష్ ఆమె మోచెయ్యి పట్టుకుని ఆపాడు. పూనం తన గొంతు మీద తానే చెయ్యి పెట్టుకుంది.

అంకుశానికి తొందర. ఈసారి హారన్ మీద నొక్కిన చెయ్యి తియ్యలేదు. ఆ రొదలో శ్రద్ధ తాత మూసిన కళ్ళకేసి చూస్తూ, నుదురు చిట్లించి, మెడ సాచి, నోరు పెద్దగా తెరిచింది. ఏమందో పూనంకు వినబడలేదు. రూపేష్‌కు వినబడలేదు. యమునాబాయికీ వినబడలేదు.

చెవిటి బుచ్చిరాములు మాత్రం కళ్ళు మూసుకునే, "నడిసింది," అన్నాడు. "ఆగుండ్రి, నడుస్తున్నది!"

పూనం కిటికీ దగ్గరికి ఉరికింది. "అంకుశమన్నా!" అని గల్లీ అంతా వినబడేలా అరిచింది. "హారన్ ఆపు!"